సొంత మంచు మీద ఓడినప్పుడు

ఏడాది పొడవునా 30 డిగ్రీల ఎండ, లేదంటే వాన. అలాంటి సింగపూర్లో కూర్చుని ఐస్ హాకీ గురించి రాస్తున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. మా బుకిట్ బటోక్ వాళ్ళకి మాత్రం రాదు. ఇక్కణ్ణుంచి ఎంఆర్‌టీలో ఒక్క స్టేషన్ వెళ్తే జురాంగ్ ఈస్ట్. అక్కడ జేక్యూబ్ అనే మాల్ ఉండేది. 2012లో తెరిచారు. లోపల ఒలింపిక్ కొలతల మంచు రింక్, అంటే 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంతకుముందు అదే చోట జురాంగ్ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్ ఉన్నప్పుడు కూడా ఫ్యూజీ ఐస్ ప్యాలెస్ అని ఒక చిన్న రింక్ ఉండేది. భూమధ్యరేఖకి కూతవేటు దూరంలో ఉన్న మా పేటల్లో రెండు తరాల పిల్లలు మంచు మీద జారుతూ పెరిగారన్నమాట.

అందుకే శనివారం పూట మా ఎంఆర్‌టీలో ఒక దృశ్యం మామూలుగా ఉండేది. పిల్లాడికంటే పొడుగైన సంచీ, దానిలోంచి బయటికి తొంగిచూసే కర్ర, వెనకాల చేతిలో జాకెట్ పట్టుకుని అమ్మ. బయట చెమటలు కారుతుంటే జాకెట్ ఏమిటని మన దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. ఆ అమ్మల్లో తెలుగు అమ్మలూ ఉన్నారు. పిల్లాడు గెలిచి వస్తున్నాడో ఓడి వస్తున్నాడో ఆ సంచీని ఎలా ఈడుస్తున్నాడో చూస్తే తెలిసిపోయేది.

ఓడిన పిల్లల గురించే ఈ వ్యాసం. అందులోనూ సొంత రింక్‌లో, సొంతవాళ్ళందరూ చూస్తుండగా ఓడిన పిల్లల గురించి. దీనికి ప్రపంచంలో చాలామందికి గుర్తున్న ఉదాహరణ కెనడాలో ఉంది. బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో ఉన్న మన చెల్లెళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది. మిగతావాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను.

ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళకి ఏటా ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలు జరుగుతాయి. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి మొదటి వారంలో ముగుస్తాయి. మనకి సంక్రాంతికి కోడిపందేలూ కొత్త సినిమాలూ ఎలాగో, కెనడా ఇళ్ళల్లో ఆ పది రోజులూ ఈ ఆట అలాగ. తాతలు, మనవలు, వంటింట్లో ఉన్నవాళ్ళు, అందరూ టీవీ ముందే. ఆడేవాళ్ళు చూస్తే 18, 19 ఏళ్ళ వాళ్ళు. మన లెక్కలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లలు. దేశం మొత్తం బరువూ వాళ్ళ నెత్తిన.

2019లో ఆ పోటీలు వాంకూవర్, విక్టోరియా నగరాల్లో జరిగాయి. కెనడా మొదటి మ్యాచ్‌లోనే డెన్మార్క్‌ని 14-0తో చిత్తు చేసింది. అందులో నాలుగు గోల్స్ కెప్టెన్ మాక్సిమ్ కొమ్‌త్వా ఒక్కడే కొట్టాడు. క్యూబెక్‌లోని లాంగాయ్ నుంచి వచ్చిన ఫ్రెంచ్ మాట్లాడే కుర్రాడు, ఇరవై నిండడానికి ఇంకా కొన్ని రోజులే ఉంది. ఆ రోజు అతను అందరికీ ముద్దుబిడ్డ.

సరిగ్గా వారం తర్వాత, జనవరి 2న, ఫిన్లాండ్‌తో క్వార్టర్ ఫైనల్. ఆఖరి నిమిషం దాకా కెనడా 1-0తో ముందుంది. జనం లేచి నిలబడ్డారు. ఇంకా నిమిషం కూడా లేదనగా ఫిన్లాండ్ గోల్ కొట్టి సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో కెనడాకి పెనాల్టీ షాట్ వచ్చింది. గోలీ ఒక్కడు, ఎదురుగా కొట్టేవాడు ఒక్కడు, మిగతా అందరూ పక్కకి తప్పుకుని చూస్తుంటారు. ఇక్కడొక సంగతి గమనించండి. ఆ షాట్ వచ్చింది ఇవాన్ బుషార్డ్ అనే మరో ఆటగాణ్ణి అడ్డుకున్నందుకు. ఈ పోటీల నియమాల ప్రకారం జట్టులో ఎవరినైనా కొట్టమని పంపవచ్చు. కోచ్ కొమ్‌త్వాని ఎంచుకున్నాడు. కొమ్‌త్వా వెళ్ళాడు, కొట్టాడు, ఫిన్లాండ్ గోలీ లూక్కొనెన్ ఆపేశాడు.

అక్కడితో అయిపోలేదు. కాసేపటికి నోవా డాబ్సన్ అనే కుర్రాడి ముందుకి పక్ వచ్చింది, ఎదురుగా గోల్ దాదాపు ఖాళీ. బలంగా కొట్టబోయాడు, చేతిలో కర్ర రెండు ముక్కలైంది. పక్ అక్కడే ఉండిపోయింది. దాన్ని అందుకుని ఫిన్లాండ్ వాళ్ళు అటు పరుగెత్తారు, టోని ఉటునెన్ గోల్ కొట్టాడు. 2-1. పోటీలు సొంత దేశంలో జరిగి కూడా కెనడా పతకం లేకుండా మిగలడం అదే మొదటిసారి. కర్ర విరగడమంటే ఇక విధి అనుకోవాల్సిందే, ఎవర్నేమంటాం?

కానీ అన్నారు. డాబ్సన్‌ని కాదు, కొమ్‌త్వాని. ఆ రాత్రే అతని ఇన్‌స్టాగ్రామ్ నిండా బూతులు. కెప్టెన్‌గా పనికిరావన్నారు. ఫ్రెంచ్ వాడివి, నీకు మా జట్టెందుకన్నారు. వారం కిందట నాలుగు గోల్స్ కొట్టినప్పుడు అతను కెనడా వాడే, షాట్ తప్పాక మాత్రం క్యూబెక్ వాడయ్యాడు. పరాయి దేశంలో బతికే మనకి ఆ మార్పు ఎంత సులువుగా జరుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మన పిల్లలు బడిలో బహుమతి తెచ్చినప్పుడు ఒక పేరు, తేలేనప్పుడు ఇంకో పేరు.

అతని తరఫు ఏజెన్సీ వాళ్ళు, ఫోన్ల వెనక దాక్కుని తిట్టేవాళ్ళు పిరికివాళ్ళని గట్టిగా ప్రకటన ఇచ్చారు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ కుర్రాడు భుజం కీలు దెబ్బతిన్నా ఆడాడు. ఆ తిట్లు రాసినవాళ్ళలో చిన్నపిల్లలు ఎంతమందో గానీ, పెద్దవాళ్ళు తక్కువమంది అయ్యుంటారని నేననుకోను. పిల్లల ఆటలో పెద్దవాళ్ళకి అంత కోపం ఎందుకొస్తుంది? మన పిల్లలకి కాదు, మనకే అవమానం జరిగిందనుకుంటాం కాబట్టి.

ఇప్పుడు జురాంగ్‌కి వద్దాం. మా పై అంతస్తులో ఉండే అమ్మాయిది రాజమండ్రి. కొడుక్కి పదకొండేళ్ళు, గోలీ. ఐస్ హాకీలో గోలీ తల్లి కావడం ఒక ప్రత్యేకమైన శిక్ష. ఒక్కో జట్టుకి మంచు మీద ఆరుగురుంటారు, ఐదుగురు ఆడేవాళ్ళు, ఒక గోలీ. ఆ ఐదుగురూ నిమిషం కూడా ఉండరు, అలిసిపోయి బల్ల మీదకి వచ్చేస్తారు, ఇంకో ఐదుగురు దూకుతారు. గోలీ మాత్రం కదలడు. కాబట్టి ఒక పక్ గోల్లోకి వచ్చిందంటే అంతకుముందు ఎవడో పాస్ తప్పాడు, ఎవడో వెనక్కి రాలేదు, ఎవడో ఆలస్యంగా బల్ల దిగాడు. అన్నీ అయ్యాకే అది గోలీ దాకా వస్తుంది. కానీ ఎర్ర దీపం వెలిగేది అతని వెనకే. చూసేవాళ్ళకి కనిపించేది అతనొక్కడే.

"అక్కా, వాడు ముప్ఫై ఆపాడు, నాలుగు వదిలాడు. మా అత్తగారు ఫోన్లో అడిగింది ఆ నాలుగూ ఎందుకు వదిలాడనే" అంది ఒకసారి ఆ అమ్మాయి. ఆ రోజు మ్యాచ్ సొంత రింక్‌లోనే. నాన్న ఆఫీసు మానుకుని వచ్చాడు. రాజమండ్రిలో తాతగారూ నానమ్మా వీడియో కాల్‌లో చూస్తున్నారు. తెలుగు బడి స్నేహితులు కూడా వచ్చారు. పరాయి ఊళ్ళో ఓడిపోతే రైల్లో నిద్రపోవచ్చు. సొంత ఊళ్ళో ఓడిపోతే తనకి తెలిసిన ప్రతి మొహం దాటుకుంటూ బయటికి రావాలి.

చూసేవాళ్ళు మనవాళ్ళయితే బలం వస్తుందని మనం నమ్ముతాం. మామూలు మ్యాచ్‌ల్లో అది నిజమే, సొంత మైదానంలో ఆడే జట్లు ఎక్కువ గెలుస్తాయి. అయితే 1984లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామీస్టర్ ఒక చిత్రమైన మాట అన్నాడు. బేస్‌బాల్ ఫైనల్ సిరీస్‌ల పాత లెక్కలు తీసి, మొదటి ఆటల్లో గెలిచే సొంత జట్లే కప్పు తేలిపోయే ఆఖరి ఆటలో తడబడుతున్నాయన్నాడు. మనవాళ్ళ ముందు గెలవాలన్న ధ్యాసలో చెయ్యి సహజంగా చేసే పని మర్చిపోతుందట. తర్వాత 1995లో వేరే పరిశోధకులు కొత్త లెక్కలు కలిపి చూసి, అంత గట్టిగా చెప్పలేమన్నారు. శాస్త్రం ఎటు తేలినా, మేనత్త ఎదురుగా కూర్చుంటే వచ్చిన పాట కూడా గొంతులోనే ఆగిపోవడం మనలో చాలామందికి తెలుసు.

ఒట్టావాలో 2025లో మళ్ళీ అదే జరిగింది. అదే జనవరి 2, అదే క్వార్టర్ ఫైనల్, ఈసారి చెకియా. 3-3 దగ్గర ఉండగా, నిమిషం కూడా మిగలకుండా గోల్ పడింది. 4-3తో కెనడా ఇంటికి. వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఇంటికి అనడం కూడా బాగోదేమో. ఆ గుంపు దశలోనే లాత్వియా చేతిలో కూడా ఓడారు, ఈ పోటీల్లో లాత్వియా కెనడాని ఓడించడం అదే మొదలు. గెలుపు ఎంత అలవాటైతే ఓటమికి అంత గొడవ. 2005 నుంచి 2009 దాకా వరసగా ఐదు స్వర్ణాలు తెచ్చినవాళ్ళే 2010లో సాస్కటూన్‌లో, మళ్ళీ సొంత గడ్డ మీద, ఓవర్‌టైమ్‌లో అమెరికా చేతిలో 6-5తో ఫైనల్ పోగొట్టుకున్నారు. వెండి పతకం మెళ్ళో వేసుకుని ఏడ్చిన పిల్లలు వాళ్ళు.

వెండి అంటే మన సింధు గుర్తొస్తుంది. 2016లో రియోలో రజతం తెస్తే హైదరాబాద్ వీధుల్లో ఊరేగించాం. 2017, 2018 ప్రపంచ పోటీల ఫైనల్స్‌లో ఓడేసరికి 'ఫైనల్లో గెలవలేదు' అని మన డ్రాయింగ్ రూముల్లోనే తీర్పులిచ్చేశాం. 2017 గ్లాస్గో ఫైనల్ 110 నిమిషాలు సాగింది. అంతసేపు నిలబడి ఆడిన అమ్మాయి గురించి కాఫీ తాగుతూ అన్నమాటలవి. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో ఓడించి స్వర్ణం తెచ్చాక ఆ మాటలన్నవాళ్ళు ఎవరూ కనబడలేదు. 2022 జులైలో కల్లాంగ్ ఇండోర్ స్టేడియంలో ఆమె సింగపూర్ ఓపెన్ గెలిచినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళు ఎంత మురిసిపోయారో! సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. ఓడిన రోజు ఇంట్లో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో వాళ్ళకి తెలిసే ఉంటుంది. మనలో చాలామందికి ఆ అనుభవం లేదు. మనం ఓడింది పరీక్షల్లో. అక్కడ మార్కుల కాగితం దాచుకోవచ్చు. ఆటలో దాచుకోవడానికేం ఉండదు.

పై అంతస్తు అమ్మాయి ఒక పద్ధతి పెట్టుకుంది, నాకు నచ్చింది. రింక్ నుంచి ఇల్లు చేరేదాకా మ్యాచ్ మాటెత్తదు. వాడెత్తితే వింటుంది. "బాగా ఆడావులే" అని కూడా అనదు, ఎందుకంటే వాడికి నిజం తెలుసు, అబద్ధం చెప్తోందని కోపం వస్తుంది. అత్తగారికి కూడా చెప్పేసింది, నాలుగు గురించి అడిగితే ముప్ఫై గురించి కూడా అడగాలి అత్తయ్యా అని. ఆవిడ మొదట మూతి ముడుచుకున్నా, ఇప్పుడు "ఎన్ని ఆపావురా" అనే మొదలెడుతుందట. గోల్ పడిన వీడియోని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టే ఒక తండ్రికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. ఆయన పెట్టిన ప్రతి వీడియోలోనూ గోలీ ఎవరి కొడుకో అందరికీ తెలుసు. వీడియో తీసేవాళ్ళు ఒక పది సెకన్లు ముందునుంచి తీసినా బాగుండేది, పాస్ తప్పింది ఎవరో కూడా కనబడేది.

మిగతా అమ్మలు పిల్లాడి ఓటమిని కోచ్ మీదకో రిఫరీ మీదకో తోసేస్తారు. అది ఆ పూటకి హాయిగానే ఉంటుంది. కానీ అలా నాలుగుసార్లు విన్న పిల్లాడు ఐదోసారి తనే అంటాడు, రిఫరీ వల్లే అని. అప్పుడు మనకి నచ్చదు.

జేక్యూబ్‌ని 2023 ఆగస్టు 6న మూసేశారు. ఆ చోట జే-డెన్ అని 40 అంతస్తుల కొత్త ఇళ్ళు కడుతున్నారు. మా పిల్లలకి సొంత రింక్‌లో ఓడే అవకాశం కూడా అలా పోయింది. ఆ వేసవిలో (ఇక్కడ వేసవేమిటి అనకండి) ఆఖరి వారాల్లో రింక్ దగ్గర ఫొటోలు దిగిన పిల్లల్లో ఓడి ఏడ్చినవాళ్ళే ఎక్కువ కనబడ్డారని ఆ అమ్మాయి చెప్పింది. గెలిచినవాళ్ళు ఏడవలేదని కాదు.

కొమ్‌త్వా సంగతి అడుగుతారేమో. తర్వాత అనహైమ్ జట్టుకి ఆడాడు. 2020-21లో ఆ జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే, 16. కర్ర విరిగిన డాబ్సన్ కూడా ఎన్‌హెచ్ఎల్‌లో పేరున్న ఆటగాడయ్యాడు. మన పిల్లలు అంతదూరం వెళ్ళరు, వెళ్ళాలని పంపడం లేదు కూడా.

ఈ ఆటలోకి కొత్తగా పిల్లల్ని దించేవాళ్ళకి ఒక పని మాత్రం చెప్తాను. మ్యాచ్ ఎలా పోయినా ఇంటికి రాగానే ఆ సంచీ తెరిపించండి. ఈ గాలిలో తేమకి ఒక్క రాత్రి మూసి ఉంచితే ప్యాడ్లకి బూజు పడుతుంది, ఆ వాసన ఏ సబ్బుకీ పోదు. స్కేట్ల బ్లేడు పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే తుప్పు. చేతి తొడుగులు ఫ్యాన్ కింద విడివిడిగా పెట్టాలి. ఇవన్నీ వాడిచేతే చేయించండి, మీరు పక్కన కూర్చోండి. ఓడిన రోజు ఇది అరగంట పడుతుంది. గోలీ అయితే ముప్పావుగంట, కాళ్ళ ప్యాడ్లు పెద్దవి కదా. మాట్లాడాలనుకుంటే వాడు ఆ లోపల మాట్లాడతాడు. లేకపోతే పెరుగన్నం కలిపి పెట్టండి, తిని పడుకుంటాడు.