పిజ్జా రుచి సరే... బిల్లు చూశారా?
మెట్ట ప్రాంతానికీ చేరిన ఇటలీ వంటలు
చీజ్, లైసెన్సు, పన్ను వివరాలపై అవగాహన అవసరం

చందర్లపాడు: ఒకప్పుడు బయట భోజనమంటే మెస్సులో అరిటాకు భోజనమో, బస్టాండు వద్ద ఇడ్లీ, పూరీలో. నేడు పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే పిజ్జా కావాలన్న కోరిక మెట్ట పల్లెల్లోనూ వినిపిస్తోంది. చందర్లపాడు మండల వాసులు ఇందుకోసం నందిగామకో, జగ్గయ్యపేటకో, మరికాస్త ముందుకెళ్లి విజయవాడకో పయనమవుతున్నారు. నలుగురున్న కుటుంబం ఒక పూట పిజ్జా, పాస్తా తింటే అయ్యే ఖర్చు సామాన్య రైతు ఇంటికి తక్కువేమీ కాదు. అంత సొమ్ము చెల్లిస్తున్నా, పళ్లెంలో ఉన్నదేమిటో, బిల్లులో రాసినదేమిటో తెలుసుకునేవారు మాత్రం అరుదు.

ఇటలీ రొట్టె.. అమెరికా దారి

పిజ్జా పుట్టినిల్లు ఇటలీలోని నేపుల్స్ నగరం. అక్కడ అది పేదల ఆహారం. పులిసిన గోధుమ పిండిని చేత్తో పలుచగా సాగదీసి, టమాటా గుజ్జు, చీజ్, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకులు వేసి, కట్టెల పొయ్యిలో నిమిషం నుంచి నిమిషన్నర కాలుస్తారు. నేపుల్స్ వంటవారి ఈ విద్యను 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మన పట్టణాల్లో కనిపించే మందపాటి పిజ్జా మాత్రం అమెరికా మీదుగా వచ్చినది. పిజ్జా హట్ 1958లోనూ, డొమినోస్ 1960లోనూ అమెరికాలోనే మొదలయ్యాయి. ఈ రెండూ 1996లో భారతదేశంలో అడుగుపెట్టాయి. వాటిని చూసి చిన్న పట్టణాల్లో స్థానికులు సొంతంగా దుకాణాలు తెరిచారు. పనీర్, చికెన్, మొక్కజొన్న గింజలు వేసిన పిజ్జాలు మన నాలుకకు తగ్గట్టు ఇక్కడ పుట్టినవే. పాస్తా కూడా మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. గట్టి రకం గోధుమ రవ్వను తడిపి, ముద్ద చేసి, అచ్చుల్లో ఒత్తి ఆరబెడతారు. ఒక విధంగా సేమ్యాకు దూరపు చుట్టమే.

పిజ్జాపై చల్లుకునే చిల్లీ ఫ్లేక్స్ కచ్చాపచ్చాగా దంచిన ఎండు మిరపే. చందర్లపాడు, నందిగామ ప్రాంత రైతులకు ఆ పంట గురించి వేరే చెప్పనక్కర్లేదు. అయితే మిరప, టమాటా రెండూ ఇటు మనకూ, అటు ఇటలీకీ పరాయివే. 1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాతే అవి ఐరోపాకు వచ్చాయి. పోర్చుగీసు వర్తకుల ద్వారా మిరప మన తీరానికి చేరింది. అంతకుముందు మన వంటల్లో కారానికి మిరియాలే ఆధారం.

సాగినంత మాత్రాన చీజ్ కాదు

పిజ్జాలో ఖరీదైన వస్తువు చీజ్. ఇందుకు వాడే మొజరెల్లా ఇటలీలోని కాంపానియా ప్రాంతంలో గేదె పాలతో తయారయ్యే సంప్రదాయ పదార్థం. ఆవు పాలతోనూ చేస్తారు. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల ఆవు పాలు కావాలి. వెన్న శాతం ఎక్కువగా ఉండే గేదె పాలైతే కొంత తక్కువ సరిపోతాయి. అందుకే దాని ధర ఎక్కువ.

ఈ ఖర్చు తగ్గించుకునేందుకు కొన్నిచోట్ల అనలాగ్ చీజ్ వాడుతుంటారు. ఇందులో పాల కొవ్వుకు బదులు పామాయిల్ వంటి వంటనూనెలు, పిండి పదార్థాలు ఉంటాయి. వాడటం నేరం కాదు. కానీ చీజ్ అని చెప్పి దీనిని అమ్మడం వినియోగదారుని తప్పుదారి పట్టించడమే. తీగలా సాగితే అసలు చీజ్ అన్న నమ్మకం సరికాదు. అనలాగ్ కూడా సాగేలా తయారవుతుంది. ప్యాకెట్‌పై ఉండే పదార్థాల జాబితాను చూడటమే నమ్మకమైన మార్గం. చూపమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

శాకాహారులు గమనించాల్సిన సంగతి మరొకటుంది. పాలను విరిచేందుకు వాడే రెన్నెట్ సంప్రదాయంగా దూడల కడుపు నుంచి తీసేది. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ కూడా ఉంది. ఇటలీలో తయారయ్యే అసలు పార్మేజాన్ చీజ్‌లో నేటికీ జంతు రెన్నెట్టే వాడతారు. ప్యాకెట్‌పై ఆకుపచ్చ గుర్తు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

మయోనైజ్‌తో జాగ్రత్త

పొయ్యి నుంచి నేరుగా వచ్చిన పిజ్జాలో సూక్ష్మజీవుల భయం తక్కువ. పక్కన వడ్డించే మయోనైజ్ విషయంలోనే అప్రమత్తత అవసరం. పచ్చి గుడ్డు సొన, నూనె కలిపి గిలకొట్టే ఈ పదార్థాన్ని వేడి చేయరు. బయట ఎక్కువసేపు ఉంటే సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. ఈ కారణంగానే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. గుడ్డు లేని రకాన్ని, అదీ ఫ్రిజ్ నుంచి తీసినదాన్ని అడగడం మేలు. పిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

పన్ను ఎవరు వసూలు చేయవచ్చు?

సాధారణ రెస్టారెంట్లలో భోజనంపై జీఎస్టీ 5 శాతం. రూ.400 బిల్లుకు కేంద్రానికి రూ.10, రాష్ట్రానికి రూ.10 చొప్పున మొత్తం రూ.20. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చీజ్‌పై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పిజ్జా రొట్టెపై పూర్తిగా తొలగింది. అయితే రెస్టారెంట్‌లో వడ్డించే పిజ్జాపై 5 శాతం యథాతథంగా ఉంది.

చిన్న పట్టణాల్లో తెలుసుకోవాల్సిన కిటుకు ఇక్కడే ఉంది. ఏడాదికి రూ.1.5 కోట్ల లోపు వ్యాపారం చేసేవారు కాంపోజిషన్ పథకంలో చేరవచ్చు. వారు తమ అమ్మకాలపై 5 శాతం పన్నును సొంతంగా కట్టాలి. వినియోగదారుని నుంచి వసూలు చేయరాదు. ఆ సంగతిని బిల్లుపై రాయాలి కూడా. జీఎస్టీ నమోదే లేని దుకాణం పన్ను వేయడానికి అసలు వీల్లేదు. కాబట్టి పన్ను వేసిన ప్రతి బిల్లుపై 15 అక్షరాలు, అంకెల జీఎస్టీ సంఖ్య ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లోని దుకాణాలదైతే 37తోనూ, సరిహద్దు దాటి కోదాడలో తింటే 36తోనూ మొదలవుతుంది.

సర్వీసు ఛార్జీ పన్ను కాదు. దానిని బిల్లులో దానంతటదే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని కోరవచ్చు.

ఎవరికి చెప్పుకోవాలి?

ఆహార వ్యాపారం చేసే ప్రతి దుకాణానికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు గానీ, నమోదు గానీ తప్పనిసరి. ఆ 14 అంకెల సంఖ్యను 2022 జనవరి 1 నుంచి బిల్లుపైనా ముద్రించాలి. ఆహారం పాడైనదని అనిపిస్తే ఆ సంఖ్యతో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనో, జిల్లా ఆహార భద్రత అధికారులకో ఫిర్యాదు చేయవచ్చు. అదనపు వసూళ్లపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేస్తే సరిపోతుంది. అయితే వీటన్నింటికీ ఆధారం ఒక్కటే. తిన్నాక బిల్లు అడిగి తీసుకోవాలి, దానిని భద్రపరచుకోవాలి. తెల్ల కాగితంపై అంకెలు వేసి ఇచ్చే చీటీ ఫిర్యాదుకు బలం చేకూర్చదు.