బండి మారినా మూట మనదే

నలభై దాటిన ఉద్యోగస్థుల నోట ఈ మధ్య నేను తరచు వింటున్న మాట: "ఇక నావల్ల కాదండీ!" ఇది బద్ధకం కాదు. పనిలో ఒత్తిడి ఎడతెగకుండా సాగితే సత్తువ ఉడుగుతుంది, పనిమీద విసుగు పుడుతుంది, పనితనం సన్నగిలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ మూడు లక్షణాలూ చెప్పి, ఇది జబ్బు కాదు, వృత్తివల్ల కలిగే స్థితి అన్నది.

మరి ఉద్యోగం మానేస్తే? ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు గదా! మన వైపు ప్రయాణమే చూడండి. జనగామలో రైలెక్కితే మహబూబాబాద్‌కు రైలులోనే చేరవచ్చు. భూపాలపల్లికైతే దిగి బస్సెక్కక తప్పదు. అంతమాత్రాన చేతిలోని మూటను ప్లాట్‌ఫారం మీద వదిలిపోము.

జనగామ జిల్లా గూడూరులో 1925లో పుట్టిన చుక్కా రామయ్యగారిని తలచుకోండి. ఆయనది అలసట కథ కాదు. పదవీ విరమణ తరువాత హైదరాబాదు నల్లకుంటలో ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలకు పిల్లలను తయారు చేశారు. కొలువు మారింది, లెక్కలు మారలేదు.

కనుక రాజీనామా రాసేముందు భార్యాభర్తలు కూర్చుని రెండు సంగతులు తేల్చుకోవాలి: జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? ఇన్నేళ్ళ అనుభవంలో వెంట వచ్చేదేది? అవి తేలితే, బండి దిగడం ఓటమి కాదు.