తరి, ఖుష్కి, షికం: పట్టా కాగితం చెప్పే నేల కథ

బాగ్ అంబర్‌పేట్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. ఈ మూడు పేర్లలో ఉన్న ‘బాగ్’ అంటే తోట అని మన ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఇప్పుడక్కడ తోట ఎక్కడుంది? అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, మెకానిక్ షెడ్లు. తార్నాక సంగతీ అంతే. అడిక్‌మెట్ మామిడితోటలకి వేసిన తీగ కంచె, దాని దగ్గరి కాపలా నాకా, అలా ‘తార్ నాకా’ అయ్యిందని పెద్దలు చెబుతారు. తోటలు పోయాయి, పేర్లు మిగిలాయి.

ఒక నేల మీద నిన్న ఏం పండింది, ఇవాళ ఏం పండుతోంది, రేపు ఏమవుతుంది అని అడిగే చదువునే వ్యవసాయ భూగోళశాస్త్రం అంటారు. నేలని మనిషి ఏ పనికి వాడుతున్నాడో దాన్ని భూ వినియోగం అంటారు. డిగ్రీ, పోటీ పరీక్షలు రాసే పిల్లలకి ఇది ఒక పాఠం. శివార్లలో రెండు వందల గజాల ప్లాట్ కోసం ఏళ్లతరబడి పైసా పైసా కూడబెట్టే కుటుంబాలకి మాత్రం ఇది జీవితకాల సంపాదన మునగడమా, తేలడమా అన్న విషయం. ఈ చదువులోని ముఖ్యమైన మాటలు సగం మన ఇళ్లలో మాట్లాడే ఉర్దూలోనే ఉన్నాయి. అయినా కాగితం మీద కనిపిస్తే మనం పట్టించుకోం.

ఏ నేల ఏ పనికి పోతుందో తేల్చేవి ముఖ్యంగా మూడు: నీరు, దూరం, హక్కు.

మొదటిది నీరు

పాత పహాణీ తీసి చూడండి. భూమి రకం దగ్గర ‘తరి’ అనో ‘ఖుష్కి’ అనో ఉంటుంది. తర్ అంటే తడి, ఖుష్క్ అంటే పొడి. చెరువు కిందో కాలువ కిందో వరి పండే మాగాణి తరి. వాన మీదే ఆధారపడే మెట్ట ఖుష్కి. బావి నీళ్లతో పండ్లు, కూరగాయలు పెంచే నేల బాగాత్. తడి నేలలో వానాకాలం వరి ఆబి, ఎండాకాలం వరి తాబి. ఆబ్ అంటే నీళ్లే కదా. ఖరీఫ్, రబీ అనే మాటలు అరబీ నుంచి వచ్చాయి. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. పంట కోతకొచ్చే కాలం పేరే పంటకి పేరైంది.

ఈ విభజన ఎవరో కూర్చుని గీసింది కాదు, నేల వాలే గీసింది. తెలంగాణలో ఎక్కువ భాగం రాతి నేల. ఎత్తున పలుచని ఎర్ర చెల్క ఉంటుంది, అక్కడ జొన్న, కంది, ఆముదం. వాననీరు దిగువకి పారే చోట కట్ట వేస్తే చెరువు. కట్ట కింద ఆయకట్టు, అక్కడ వరి. అందుకే ఒకే ఊరిలో, ఒకే వానకి, ఎత్తున ఒక పంట, పల్లంలో ఇంకో పంట. కాగితం మీద తరి, ఖుష్కి అన్న రెండు మాటల్లో ఈ లెక్కంతా ఉంది.

రెండోది దూరం

వాన్ థూనెన్ అని జర్మనీలో ఒక భూస్వామి ఉండేవాడు. సొంత పొలం లెక్కలు ఏళ్లపాటు రాసుకుని 1826లో ఒక పుస్తకం వేశాడు. ఆయన చెప్పింది సులువే. అన్ని వైపులా ఒకేలాంటి నేల, నడుమ ఒకే పట్నం ఉందనుకోండి. త్వరగా పాడయ్యే పాలు, కూరగాయలు పట్నానికి ఆనుకుని వస్తాయి. వాటి తర్వాత బరువైన వంటచెరకు కోసం అడవి. ఆ తర్వాత నిల్వ ఉండే ధాన్యం. అన్నిటికంటే దూరంగా, తమ కాళ్ల మీద తామే నడిచి సంతకొచ్చే పశువులు. సరుకు పాడయ్యే వేగం, మోసే ఖర్చు కలిసి పట్నం చుట్టూ వలయాలు గీస్తాయన్నమాట.

ఆ లెక్కన చూస్తే పాత హైదరాబాద్‌కి మొదటి వలయం అంబర్‌పేట్, మూసారాంబాగే. మూసారాంబాగ్ అంటే నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరిట ఉన్న తోట. ‘మూసా రామ్’ అని జనం పిలుచుకున్నది ఆయన్నే. పట్నం పక్కన, మూసీ ఒడ్డున, నీళ్లకి దగ్గర. తోటలకి ఇంతకన్నా మంచి చోటేముంటుంది?

ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవుతో నగరాన్ని చుట్టేసింది. లారీలు, శీతల గిడ్డంగులు వచ్చాక టమాటా మదనపల్లె నుంచి కూడా వస్తోంది. మరి వాన్ థూనెన్ మాట పాతబడినట్టేనా? మూసీ వెంట అంబర్‌పేట్ దాటి తూర్పుకి వెళ్తే పూర్తిగా పాతబడలేదని తెలుస్తుంది.

గడ్డి చెప్పే సాక్ష్యం

నగరపు మురుగు మూసీలో కలిసి ఏడాది పొడుగునా పారుతుంది. ఎండాకాలంలో ఎండిపోవాల్సిన నది ఎండదు. అంబర్‌పేట్‌లో రోజుకి 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. అయినా నగరం వదిలే నీళ్లన్నిటికీ అదొక్కటే చాలదు. ఆ నీళ్ల మీదే దిగువన, పీర్జాదిగూడ వైపు, పచ్చగా పశుగ్రాసం పెరుగుతూ వచ్చింది. దాని పేరు పారా గడ్డి. ఒకసారి నాటితే ఏళ్లతరబడి కోసుకోవచ్చు, మురుగునీటికీ తట్టుకుంటుంది. నీళ్లలో ఉప్పు పెరిగి వరి దిగుబడి పడిపోయినప్పుడు చాలామంది రైతులు గడ్డికి మారారు.

ఆ గడ్డి కోసేది బస్తీల్లోని తబేలాల కోసం. పచ్చిగడ్డి బరువెక్కువ, ధర తక్కువ, ఒక్కరోజులో వాడిపోతుంది. దూరం నుంచి తెస్తే కిరాయికి కూడా రాదు. కాబట్టి అది నగరానికి ఆనుకునే పెరగాలి. దిగువకి పోయేకొద్దీ గడ్డి తగ్గి వరి ఎక్కువవుతుంది. నదికి అడ్డంగా కట్టిన పాత కత్వాల దగ్గర నీరు నిలిచి మడ్డి కిందికి దిగుతుంది కాబట్టి, దూరం పెరిగేకొద్దీ నీళ్లు కొంత తేటపడతాయి. 1826 నాటి వలయాలు మన కళ్లముందే ఉన్నాయి.

దీనికి మూల్యం కూడా ఉంది. మురుగునీటిలో దిగి పనిచేసే రైతులకి, కూలీలకి కొంకిపురుగుల బెడద ఎక్కువని పరిశోధనలు చూపించాయి. ఉదయం మన చాయ్‌లోకి వచ్చే పాల వెనక ఆ చేతులున్నాయి. నదిని బాగుచేయాలని అందరం అంటాం. బాగుచేసేటప్పుడు ఆ గడ్డి రైతు, ఆ తబేలా మనిషి ఎక్కడికి పోవాలో కూడా లెక్కలో ఉండాలి.

మూడోది హక్కు

నీళ్లున్నా, పట్నం దగ్గరున్నా, నేల ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. నిజాం సొంత భూములు సర్ఫ్-ఎ-ఖాస్. కొలువుకో సేవకో ఇచ్చినవి జాగీర్లు, ఇనాములు. అడిక్‌మెట్ జాగీరు ఒకప్పుడు కవయిత్రి మహ్ లఖా బాయిదని చెబుతారు. ఆ నేల మీదే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. జాగీర్లు 1949 ఆగస్టు 15న రద్దయ్యాయి. ఒకే నేల జాగీరు, తోట, చదువులబడి అయ్యింది. వాలు మారలేదు, మట్టి మారలేదు. హక్కు మారింది కాబట్టి వినియోగం మారింది.

ఊరందరి నేలకీ పేర్లున్నాయి. పశువులు మేసేది బంచరాయి. ఇళ్లుండేది ఆబాదీ లేదా గ్రామకంఠం. ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన మాట షికం. షికం అంటే కడుపు. ‘షికం తలాబ్’ అంటే చెరువు కడుపు, అంటే నీళ్లు నిలిచే చోటు. ఎండాకాలంలో అది చదునుగా, ప్లాట్లకి పనికొచ్చేలా కనిపిస్తుంది. వానలు పడితే చెరువు తన కడుపు తాను నింపుకుంటుంది. షికం పట్టా ఉన్న రైతు కూడా నీళ్లు తగ్గాక సాగు చేసుకోవాల్సిందే తప్ప, అది ఇల్లు కట్టే నేల కాదు. 2024లో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల హద్దుల్లోని కట్టడాలు కూలినప్పుడు, అప్పు చేసి కొన్న మామూలు జనం కూడా రోడ్డున పడ్డారు. అమ్మినవాడు అప్పటికే డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

కొనే ముందు చదవాల్సిన మాటలు

శివార్లలో సగం పల్లె, సగం పట్నంగా ఉండే చోటే మోసాలకి అనువైన చోటు. అక్కడ నేల బీడుగా కనిపించవచ్చు. అది నిజంగా సాగుకి పనికిరాక బీడుపడలేదు, ధర పెరగాలని వదిలేశారు.

కాబట్టి బయానా ఇచ్చే ముందు ఈ నాలుగు చూసుకోండి. ఒకటి, 1954-55 ఖాస్రా పహాణీ: అందులో ఆ సర్వే నంబర్ తరి, ఖుష్కి, షికం, ఇనాం, సర్కారీలలో ఏదని రాసుంది? రెండు, వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి, అంటే ‘నాలా’ అనుమతి ఉందా? ఇది మురికి నాలా కాదు, 2006 చట్టం కింద ఇచ్చే అనుమతి. మూడు, చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా ఉంది? నాలుగు, వక్ఫ్ గెజిట్‌లో ఆ నంబర్ ఉందా? ఉంటే అది అమ్మేదీ కాదు, కొనేదీ కాదు.

పాత కాగితంలో ఫస్లీ సంవత్సరం కనిపిస్తే బెదరక్కర్లేదు. ఫస్ల్ అంటే పంట. దానికి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది: 1358 ఫస్లీ అంటే 1948-49.

2020లో ధరణి వచ్చింది, 2025లో భూ భారతి వచ్చింది. పోర్టల్ మారినా నేల వాలు మారదు, చెరువు కడుపు మారదు. ఇంట్లో ఉర్దూ చదవగలిగిన దాదీ, నానా ఉంటే ఆ పాత పహాణీ ఒకసారి వాళ్ల ముందు పెట్టండి. షికం అన్న మాటకి అర్థం చెప్పడానికి వాళ్లకి వకీలు అక్కర్లేదు.