బురద కడిగే ముందే ఫొటో తీయండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, విజయవాడ సింగ్‌నగర్‌లో నాన్న రిటైర్మెంట్ డబ్బుతో కట్టిన మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తగ్గగానే అమ్మ చీపురు పట్టింది. ‘ఆగమ్మా, ముందు ఫొటోలు’ అన్నా. గోడ మీద నీటి గీత, ఉబ్బిన తలుపులు, పాడైన ఫ్రిజ్... అన్నీ తీశా. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పా. సర్వేయర్ చూసేదాకా ఏదీ పారేయలేదు. మేస్త్రీ ఇచ్చిన అంచనా, రిపేరు బిల్లులు దాచాం.

అయినా ‘ఇంటి విలువ తక్కువ చూపారు’ అంటూ క్లెయిమ్‌లో కోత పెట్టారు. మాది భారత్ గృహ రక్ష పాలసీ. బీమా మొత్తం లోపల ఉన్న నష్టానికి అందులో అలాంటి కోత ఉండదు. ఆ క్లాజు చూపిస్తూ మెయిల్ పెడితే మిగతా డబ్బూ వచ్చింది.

మీరూ ఫోన్‌లో వాదించకండి, రాతలో అడగండి. కంపెనీ కాదన్నా, నెలలో జవాబివ్వకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫిర్యాదుకి పైసా ఖర్చు లేదు.