సాగే తాడు, రెండో రాత్రి

మాలావత్ పూర్ణ మన నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల ఊరి పిల్ల. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడే నాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న ఆ అమ్మాయి బండ ఎక్కడం మొదట నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు, భువనగిరి గుట్ట మీద. చందూర్ బడి నుంచి నాలుగు, ఐదు తరగతుల పిల్లలను బండ ఎక్కడం నేర్పే శిబిరానికి తీసుకుపోదామంటే తల్లిదండ్రులు ముందుగా అడిగేవి రెండు: పడితే ఎట్లా? పొద్దున పోయి సాయంత్రం రాక, రాత్రుళ్లు ఉండుడెందుకు? రెండూ న్యాయమైన ప్రశ్నలే.

ముందు బండ సంగతి. భువనగిరి గుట్ట ఐదువందల అడుగులకు పైగా లేచిన ఒకే రాయి. భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లబడి గట్టిపడింది. పైనున్న పొరలు యుగాల తరబడి కొట్టుకుపోగా, మీది బరువు తగ్గి ఈ రాయి ఉబికి ఉల్లిపొరల్లా ఊడుతూ నున్నబడింది. చేతికి పట్టు దొరకదు, పాదాలనే నమ్ముకోవాలి. భయపడ్డ పిల్లలు మాత్రం బండను కావలించుకుంటారు. అప్పుడు ఒంటి బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, పాదం రాయిని నొక్కే బలం తగ్గుతుంది, రాపిడి తగ్గి కాలు జారుతుంది. నిటారుగా నిలబడితే బరువంతా పాదాల మీద పడి అదే రాయి పట్టి ఉంచుతుంది. భయం చెప్పిందానికి సరిగ్గా ఎదురు చేయాలన్నమాట.

అయినా జారుతారు. అందుకే తాడు. బావి చేంతాడుకూ దీనికీ పోలికే లేదు. చెరుకు ట్రాలీ మీంచి దూకే పిల్లవాడు మోకాళ్లు వంచి దిగుతాడు; కాళ్లు బిగబట్టి దిగితే ఆ దెబ్బంతా ఎముకలకే. ఎంత నిదానంగా ఆగితే దెబ్బ అంత తక్కువ. ఎక్కేవాళ్ల నైలాన్ తాడు కూడా తన పొడవును పెంచుకుని ఆ మోకాళ్ల పని చేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 80 కిలోల బరువును గట్టిగా పడేసి పరీక్షించినప్పుడు తాడు 40 శాతం వరకు సాగవచ్చు. పిల్లలకైతే తాడును పైనుంచే కట్టి, కింద ఒకరు ఎప్పటికప్పుడు వదులు లాగుతుంటారు కాబట్టి జారినా పడేది కొద్ది దూరమే. చిన్నపిల్లలకు నడుం చిన్నది, తల బరువు ఎక్కువ. నడుము పట్టీ ఒక్కటే ఉంటే తలకిందులయ్యే ప్రమాదం ఉంది. భుజాల మీదుగా వచ్చే నిండు హార్నెస్ తప్పనిసరి.

ఇక భయం. మెదడులోని అమిగ్డలా ప్రమాదమని కేక వేయగానే అడ్రినలిన్ విడుదలై గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఈ ఉధృతి శిఖరానికి చేరి, ప్రమాదమేదీ జరగకపోతే దానంతటదే దిగుతుంది. మధ్యలో ఆగి ఏడుస్తున్న పిల్లను తాడు మీద కాసేపు కూర్చోనివ్వాలి. పైకి తోయకూడదు, ఎక్కడిదాకా ఎక్కాలో తననే చెప్పనివ్వాలి.

రాత్రుల ప్రశ్నకు జవాబు కొంత నిద్రలో ఉంది. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొత్త చోట పడుకున్నవాళ్ల మెదడును గమనించారు. మొదటి రాత్రి మెదడులో ఒక సగం పూర్తిగా నిద్రపోలేదు, కాపలా కాసినట్టు చప్పుళ్లకు స్పందించింది. మళ్లీ అక్కడే పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు. అది పెద్దల మీద చేసిన పరిశోధన. పెద్దలకే అట్లుంటే, అమ్మ పక్కన తప్ప పడుకోని తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మొదటి రాత్రి ఎట్లుంటుందో ఊహించండి. పగలు విన్నవీ చూసినవీ జ్ఞాపకంలో గట్టిపడేది కూడా నిద్రలోనే. అందుకే ఒక్క రాత్రి శిబిరాన్ని నేను ఒప్పుకోను. మొదటి రోజు ముడులు, చిన్న బండలు. రెండో రోజు కొంత ఎత్తు. రెండు రాత్రులు గడిచాక మూడో పొద్దున అసలు ఎక్కుడు.

చందూర్ టీచర్లకు నా విన్నపం ఒకటే. శిబిరం ఖాయం చేసుకునే ముందు భోజనాల మెనూ ఎట్లాగూ అడుగుతారు. దాంతోపాటు తాడు ఏ ఏడాది కొన్నదో, నిండు హార్నెస్‌లు ఎన్ని ఉన్నాయో అడగండి. నైలాన్ బలం ఎండకు తగ్గుతుంది. జవాబు వెంటనే రాని చోటికి పిల్లలను తీసుకుపోకండి.