నేలదా, తెరదా?

సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గరి మధ్య మానేరు జలాశయాన్ని ఫోన్‌లోని ఉపగ్రహ పటంలో చూడండి. అందులో కనిపించే నీటిమట్టం ఇవాళ్టిది కాదు. వేర్వేరు రోజుల్లో తీసిన చిత్రాల్లో మబ్బులేనివి ఏరి, అతికి చేసిన పటమది. జగిత్యాల కోట సంగతీ అంతే. పక్కన నిలబడితే తెలియని నక్షత్రాకారం పైనుంచి తేటగా కనిపిస్తుందంటే, మబ్బు పట్టిన చిత్రాలను ఎవరో పక్కన పెట్టబట్టే. మబ్బు ఆ పూటది, కోట అక్కడిది.

పాత వీడియో గేముల పటాలు చేసేవాళ్ళకూ ఇదే పేచీ. ఆటలో ఒకసారికి ఒక తెర మేరే కనిపిస్తుంది. తెర తర్వాత తెరను బొమ్మ తీసి, కలిపి, ఆ లోకమంతటినీ ఒకే చిత్రంగా చూపాలి. 1990ల్లో కోరుట్ల లాంటి ఊళ్ళలోనూ పిల్లలు టీవీకి తగిలించి ఆడిన గేమ్ డబ్బాల్లో చాలావరకు నింటెండో వారి 1983 నాటి ఫామికామ్‌కు నకళ్ళే. వాటి తెర 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి ఘట్టం పరిస్తే పదమూడు తెరల పొడవు దాటుతుంది. సిరిసిల్ల సాంచాల మీద చిన్న బుటా మళ్ళీ మళ్ళీ పడి అంచు నిండినట్టు, అక్కడ 8 చుక్కల చదరపు బిళ్ళలు తిరిగి తిరిగి వచ్చి నేలంతా నిండుతుంది. మబ్బుకూ పొదకూ వాడింది ఒకే బొమ్మ, రంగు మార్చారంతే!

బిళ్ళలు అతకడం తేలికే. చిక్కంతా వాటి మీది హంగులతో. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఈ హంగు నేలకు అంటుకుని ఉందా, తెరకు అంటుకుని ఉందా?

ఫామికామ్ ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మలను చూపలేదు. అంతకు మించితే కొన్ని మాయమవుతాయి, లేదా మిణుకుమిణుకుమంటాయి. అది యంత్రం చేతకానితనం కాబట్టి పటంలో శత్రువులందరూ ఉండాల్సిందే. 1991 నాటి జెల్డా ఆటలో మొదట్లో వాన కురుస్తుంది, కథ కాస్త నడిచాక ఆగిపోతుంది. దాన్నీ వదిలేయొచ్చు. అదే ఆటలో, దారి తప్పించే అడవి మీది మంచు పొర వేరు. అది లేకపోతే ఆ అడవి అడవిలా ఉండదు. కానీ ఆ పొర నేలతో సమానంగా కదలదు. తీసిన బొమ్మలను ఉన్నవున్నట్టు అతికితే ప్రతి అతుకు దగ్గరా మంచు తెగిపోతుంది. అందుకే పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆ పొరను ఆపి, వట్టి నేలను ముందు కలుపుకోవాలి. తర్వాత మంచును ఒకే పొరగా, పల్చగా, పటమంతా పరవాలి.

కొన్ని ఆటల్లో నేలకన్నా నెమ్మదిగా జరిగే దూరపు కొండలకైతే సరైన జవాబే లేదు. ఫలానా చెట్టు వెనుక ఫలానా కొండ అని చెప్పలేం. మీరు ఏ తెర దగ్గర నిలిచారన్నదాన్ని బట్టి అది మారుతుంది.

1991లోనే సెగా మెగా డ్రైవ్ మీద వచ్చిన సోనిక్‌లో నీటి తమాషా చూడాలి. పాత టీవీ బొమ్మను పైనుంచి కిందికి గీతలుగా గీస్తుంది. గీత నీటిమట్టానికి చేరేసరికి యంత్రం రంగుల పట్టీని మార్చేస్తుంది. కింద ఉన్నదంతా మునిగినట్టు కనిపిస్తుంది. బిళ్ళల్లో వెతికితే ఆ మునక రంగు దొరకదు. అయినా దాన్ని పటంలో ఉంచాల్సిందే. నీటి కింద ఎక్కువసేపుంటే సోనిక్ ఊపిరాడక చస్తాడు, పైగా ఆ మట్టం ఘట్టం కొలతల్లోనే ఉంటుంది. అక్కడక్కడా అది మారుతుంది కూడా. అడుగుపెట్టినప్పటి మట్టాన్ని గీసి, మారే చోట్ల సన్నగీత పెడితే చాలు.

నా పరీక్ష తడబడేది అదే ఆటలోని జలపాతాల దగ్గర. రెండు పొరల రంగులను కలిపే ఏర్పాటు మెగా డ్రైవ్‌లో లేదు. అందుకని నిలువు చారలు గీసి, మధ్యలో ఖాళీలు వదిలారు. ఆనాటి టీవీ తీగలో పక్కపక్క రంగులు కలిసిపోయి, చారలు పల్చని నీరయ్యేవి. చారలు నేలవి, నీరు తీగది. చిత్రకారుడికి కావలసింది మాత్రం నీరే. నేనైతే చారలే ఉంచుతాను. చారలున్న పటాన్ని కావలసినవాళ్ళు మసక చేసుకోవచ్చు, మసక చేసిన పటంలోంచి చారలను వెనక్కి తేలేం.