పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది?

తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఊళ్లలో మిర్చి డబ్బులు చేతికొచ్చేదీ, ఇంటర్ ఫలితాలు వచ్చేదీ దాదాపు ఒకే రోజుల్లో. సరిగ్గా అప్పుడే కరపత్రాలూ వస్తాయి. పది పాసైతే చాలు, ఆరు నెలల్లో మెడికల్ అసిస్టెంట్, నూరు శాతం ఉద్యోగం అంటాయి. బైపీసీ చదివిన అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు వస్తుందన్న ఆశ లేదు. ఉత్త డిగ్రీలో చేరితే ఏమొస్తుందని నాన్న దిగులు. ఖమ్మంలో తెలిసినవాళ్లు ఆస్పత్రిలో పని ఇప్పిస్తామన్నారని మేనమామ ఫోను. పంట సొమ్ములోంచి ఫీజు కట్టేస్తారు. చేతికొచ్చిన సర్టిఫికెట్ విలువెంతో తెలిసేది మాత్రం ఉద్యోగ నోటిఫికేషన్ పడి, అందులో అర్హతల పేరా చదివిన రోజున.

అసలు చిక్కు ఆ పేరులోనే ఉంది. అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ అంటే డాక్టరు క్లినిక్‌లో పనిచేసే ఒక ఖాయమైన కొలువు. రోగి బరువు, బీపీ చూసి రాయడం, రక్తం తీయడం, డాక్టరు చెప్పిన ఇంజెక్షన్ ఇవ్వడం, అపాయింట్‌మెంట్లు చూసుకోవడం అన్నీ ఒక్కరే చేస్తారు. అక్కడి మెడికల్ అసిస్టెంట్ల సంఘం ఇచ్చే సర్టిఫికెట్‌ను 60 నెలలకోసారి పునరుద్ధరించుకోవాలి. అక్కడ స్థిరపడిన మన ఆడపిల్లలు కొందరు ఈ దారి పడుతుంటారు. వాళ్ల మాట విని ఇక్కడా అదే పేరుతో కోర్సు వెతికితే పొరపాటే. మన దగ్గర ఆ ఒక్క మనిషి చేసే పనిని నాలుగైదు రకాల వాళ్లు పంచుకున్నారు. ఏఎన్ఎం వేరు, నర్సు వేరు, ల్యాబ్ టెక్నీషియన్ వేరు, ఫార్మసిస్టు వేరు. ఎవరి చదువు వాళ్లది, ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్లది.

అందుకే ఏ కాలేజీ మెట్లెక్కినా ముందు అడగాల్సింది ఫీజెంత అని కాదు. ‘కోర్సయ్యాక మా అమ్మాయి పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది?’ అని. నర్సింగ్ కౌన్సిలా, పారామెడికల్ బోర్డా, ఫార్మసీ కౌన్సిలా? దీనికి సూటిగా జవాబు రాకపోతే అక్కడ మంచినీళ్లు తాగి వచ్చేయడమే మేలు.

రిజిస్టర్‌కు చేర్చే దారులు

పదో తరగతి తర్వాతే మొదలయ్యే దారి ఇంటర్ ఒకేషనల్. ఇందులో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సులు ఉన్నాయి. చాలామంది రెండేళ్లు చదివి మెమో తీసుకుని ఇంటికి వచ్చేస్తారు. అక్కడితో ఆగితే సగమే. ప్రభుత్వ ఆస్పత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే ఉద్యోగానికి అర్హత. ఆ ఏడాది కోసం విడిగా దరఖాస్తు చేసుకోవాలన్న సంగతి తెలియక వయసు దాటబెట్టుకున్నవాళ్లు ఎందరో.

ఇంటర్ తర్వాతైతే ఏఎన్ఎం రెండేళ్లు. ఇది ఆడపిల్లలకే. ఏ గ్రూపు చదివినవారైనా చేరవచ్చు. జీఎన్ఎం మూడేళ్లు, మగపిల్లలకూ సీట్లుంటాయి. పారామెడికల్ డిప్లొమాలు రెండేళ్లు. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, అనస్థీషియా, కంటి పరీక్షలు ఇలా చాలా శాఖలున్నాయి. వీటిలో బైపీసీ వాళ్లకు మొదటి ప్రాధాన్యం, వాళ్ల తర్వాతే ఎంపీసీ, మిగతా గ్రూపులు. మందుల షాపువైపు వెళ్లాలనుకుంటే డీఫార్మసీ రెండేళ్లు.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం విడిగా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం డిప్లొమా స్థాయి చదువుకైనా కనీసం 2,000 గంటల శిక్షణ ఉండాలి, అదీ రెండేళ్లకు తగ్గకుండా. నర్సులు, ఫార్మసిస్టులు దీని కిందికి రారు, వాళ్ల చట్టాలు వాళ్లకున్నాయి. ‘ఆరు నెలల డిప్లొమా’ అన్న కరపత్రాన్ని ఈ 2,000 గంటల పక్కన పెట్టి చూడండి.

ఇన్ని గంటలు ఎందుకు?

రక్తం తీయడానికి రెండేళ్ల చదువా అని నవ్వేవాళ్లుంటారు. సూది గుచ్చడం వారంలో వస్తుంది, నిజమే. వారంలో రానివి వేరే ఉన్నాయి. చేతికి కట్టిన రబ్బరు పట్టీని నిమిషం దాటి అలాగే ఉంచేస్తే కొన్ని పరీక్షల ఫలితాలు మారిపోతాయి. సన్నటి సూదితో గట్టిగా లాగినా, ట్యూబును అదేపనిగా కుదిపినా ఎర్ర రక్తకణాలు పగిలి, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. గ్లూకోజ్ ఎక్కుతున్న చేతికే రక్తం తీస్తే షుగర్ ఆకాశానికి అంటుతుంది. ఆ కాగితం చూసి డాక్టరు ఇన్సులిన్ రాస్తే? తప్పు డాక్టరుది కాదు, యంత్రానిదీ కాదు. ట్యూబు మీద పేరు రాయడం రోగి మంచం పక్కనే చేయాలి, బల్ల దగ్గరకు వెళ్లాక కాదు. ఇది పుస్తకంలో ఒక్క వాక్యం. వార్డులో అది అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

బీపీ సంగతీ అంతే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టకుండా, చేతికి ఆసరా లేకుండా, లావాటి చేతికి చిన్న పట్టీ చుట్టి చూస్తే అంకె ఎక్కువ వస్తుంది. మాట్లాడిస్తూ చూసినా అంతే. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చిన పెద్దాయనకు ఆ ఒక్క అంకెతో జీవితాంతం మాత్ర మొదలైపోవచ్చు. ఇక పిరుదుకు ఇచ్చే ఇంజెక్షన్ చోటు తప్పితే తుంటి నరానికి తగిలి పాదం వేలాడిపోతుంది. చిన్నపిల్లల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని అందరికీ తెలుసు. కరెంటు పోయి వచ్చిన రోజున ఆ పెట్టెలోని సీసాను వాడొచ్చో లేదో తేల్చగలిగేది శిక్షణ పొందిన మనిషే.

పొట్టి కోర్సులన్నీ మోసమేనా?

కాదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని నైపుణ్య శిక్షణ కింద నెలల్లో అయ్యే కోర్సుంది. కొవిడ్ రెండో అల తర్వాత, 2021 జూన్‌లో కేంద్రం ఇలాంటివే ఆరు రకాల స్వల్పకాల శిక్షణలను లక్షమందికి ఇవ్వాలని మొదలుపెట్టింది. ఇంటి దగ్గర రోగి సంరక్షణ, నమూనాల సేకరణ వంటివి అందులో ఉన్నాయి. రోగికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా గంటల లెక్కన ఒత్తిగిలించడం, తినిపించడం, స్ట్రెచర్ మీదకు మార్చడం... ఇవన్నీ గౌరవమైన పనులే. మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లలో వీటి విలువ తెలుస్తుంది. తొందరగా సంపాదన కావాల్సిన ఇంటికి ఈ దారి అక్కరకొస్తుంది కూడా. అయితే ఈ సర్టిఫికెట్‌తో నర్సు కాలేరు, ప్రభుత్వ ఏఎన్ఎం పోస్టుకు దరఖాస్తు చేయలేరు. ఆ మాట చేరేముందే చెప్పేది మంచి సంస్థ.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కాంపౌండర్‌గా చేరి పని నేర్చుకోవడం మన పాత దారి. జ్వరమొస్తే అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే కాబట్టి జనానికి ఆయన మీద అభిమానం సహజం. అభిమానం వేరు, అర్హత వేరు. పదేళ్లు సెలైన్లు ఎక్కించిన అనుభవం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా. చురుకైన కుర్రాణ్ని అక్కడ పెట్టే బదులు జీఎన్ఎంకో, ల్యాబ్ డిప్లొమాకో పంపడం మంచిది.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనం కాదు, వార్డు చూపించమనండి. ఏ ఆస్పత్రిలో శిక్షణ ఇస్తారు, వారానికి ఎన్ని రోజులు అక్కడ ఉంచుతారు అని సీనియర్ పిల్లల్ని విడిగా అడగండి. ‘హాజరు అక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు’ అన్నా, ‘వేరే రాష్ట్రం నుంచి సర్టిఫికెట్ తెప్పిస్తాం’ అన్నా ఇక మాటలు అనవసరం. అనుమతి ఉందో లేదో బోర్డు లేదా కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనూ, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలోనూ వాకబు చేయాలి. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పది మెమోలో ఇంకోటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఉద్యోగాల మాటకొస్తే, తెలంగాణ వైద్యారోగ్య నియామక బోర్డు 2023లో మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ పోస్టులు 1,520కి నోటిఫికేషన్ ఇచ్చింది. 2024 సెప్టెంబరులో ల్యాబ్ టెక్నీషియన్లు 1,284 మందికి. రాతపరీక్ష మార్కులతోపాటు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు మీద చేసిన సేవకూ పాయింట్లు కలుస్తాయి. గిరిజన ప్రాంతాల్లో చేసినవారికి కాస్త ఎక్కువ. మనవాళ్లు భద్రాచలం వైపు పోస్టింగ్ అంటే జంకుతారు గానీ, అక్కడ మూడు వేల జనాభాకే ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. మైదానంలో అయితే ఐదు వేలకు. కోయ మాట నాలుగు ముక్కలు వచ్చిన ఏఎన్ఎంకు అక్కడ గడప గడపలో చోటుంటుంది.

ఒక్క పని మాత్రం సీటు ఖాయమైన వారంలోనే చేయాలి. హెపటైటిస్-బి టీకా. ఇది ఇప్పుడు, నెలకు, ఆరు నెలలకు అని మూడు డోసులు. వార్డులో అడుగుపెట్టాక మొదలుపెడితే ఆలస్యమే. ఎప్పుడైనా వాడిన సూది గుచ్చుకుంటే పిండి రక్తం తీయొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి, భయపడి దాచకుండా వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పమనండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు.